విరళమాత్రికల చిత్రణము – అన్వయక్రమ విచారము

సంఖ్యలను అడ్డు వరుసలుగను నిలువు వరుసలుగను అమర్చిన పట్టికకు తెలుగు గణిత పాఠ్యగ్రంథములలో 'మాత్రిక' యని వ్యవహారము. పాశ్చాత్యులలో దీనికి మ్యాట్రిక్స్ అను పేరును 1850లో జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ అను గణితవేత్త పెట్టెను. లాటిను భాషలో ఆ మాటకు గర్భాశయమని అర్థము. అది మాతృవాచకము నుండి పుట్టినది. సంస్కృతమున 'మాతృకా' శబ్దమునకు తల్లి యను అర్థముతోపాటు వర్ణమాల యను అర్థమును ప్రసిద్ధమే. కావున మాత్రాశబ్దమును స్ఫురింపజేయు 'మాత్రిక' కంటె 'మాతృక' యే యుక్తమని వాదింపవచ్చును. కాని వ్యవహారమున స్థిరపడిన మాటను కదలించుట వలన విద్యార్థికి ఒనగూడు మేలు ఏమియు లేదు. ఈ వ్యాసమున మాత్రిక యనియే వాడబడుచున్నది.

మాత్రికయందలి గళ్ళలో అధికభాగము సున్నలే యైనచో అది విరళమాత్రిక. ఎన్ని సున్నలున్న విరళమగును? దీనికి సంఖ్యారూపమైన నియమము లేదు. విల్కిన్సన్ అను సంఖ్యాగణితవేత్త చెప్పిన లక్షణము లోకజ్ఞతతో కూడినది: సున్నలు ఉన్నవని గుర్తించి వాటిని లెక్కింపకుండుట వలన లాభము కలుగునంతగా సున్నలున్నచో అది విరళము. ఇది స్వరూపలక్షణము కాదు, ప్రయోజనలక్షణము. తార్కికులు అంగీకరింపకపోవచ్చును గాని పని జరుగుటకు ఇది చాలును. 'విరళ' విశేషణమును ఈ అర్థమున వ్యాప్తికి తెచ్చినవాడు హ్యారీ మార్కొవిట్జ్ అని ప్రసిద్ధి. ఆయనకు 1990లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

పదివేల అడ్డు వరుసలు, పదివేల నిలువు వరుసలు గల మాత్రికలో గళ్ళు పది కోట్లు. గడికి ఎనిమిది బైట్లు చొప్పున యంత్రమునకు 80 కోట్ల బైట్ల చోటు కావలెను. వరుసకు ఐదు చొప్పున శూన్యేతరములు 50,000 మాత్రమే యైనచో, ఒక్కొక్కదానికి అడ్డు వరుస సంఖ్య, నిలువు వరుస సంఖ్య, విలువ అను మూడింటిని మాత్రము దాచిన 8 లక్షల బైట్లు సరిపోవును. ఇట్లు దాచినదానిని కంటికి చూపుటకు శూన్యేతరమున్న ప్రతి గడిలోను ఒక బిందువును ఉంచి, మిగిలినది తెల్లగా విడుతురు. ఈ చిత్రమునందు విలువలు కనబడవు. సంబంధము ఉన్నదా లేదా యనునది మాత్రమే కనబడును. సంబంధమును విచారించుటయే వృత్తిగా గల వ్యాకరణ న్యాయ మీమాంసా విద్యార్థులకు ఈ చిత్రము పరాయిది కాదని నిరూపించుట, దాని యందలి ప్రమాదములను చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. ఘట్‌కేసర్ నుండి నగరమునకు చదువుకొనుటకు వచ్చు విద్యార్థి ఉప్పల్ వద్ద బస్సు దిగి మెట్రో రైలెక్కును. 2017 నవంబరు 28న ప్రారంభమైన ఈ మార్గమున తూర్పు కొస నుండి తొలి ఎనిమిది స్థానములు ఇవి: నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాదు తూర్పు. ఈ ఎనిమిదింటిని ఇదే వరుసలో అడ్డముగను నిలువుగను వ్రాసి, ఒక స్థానమునకు వెంటనే పక్కనున్న స్థానము వద్ద మాత్రమే బిందువు నుంచినచో గళ్ళు 64, బిందువులు 14. చిత్రము ఇట్లుండును.

. ● . . . . . .
● . ● . . . . .
. ● . ● . . . .
. . ● . ● . . .
. . . ● . ● . .
. . . . ● . ● .
. . . . . ● . ●
. . . . . . ● .

బిందువులన్నియు వికర్ణమును అంటిపెట్టుకొని రెండు పాయలుగా దిగినవి. ఇది ఒకే దారి యని చూచినంతనే తెలియుచున్నది. ఇక ఆ ఎనిమిది పేర్లనే నిఘంటువునందు వలె అకారాదిగా పేర్చుదము: ఉప్పల్, ఎన్.జి.ఆర్.ఐ., తార్నాక, నాగోల్, మెట్టుగూడ, సికింద్రాబాదు తూర్పు, స్టేడియం, హబ్సిగూడ.

. . . ● . . ● .
. . . . . . ● ●
. . . . ● . . ●
● . . . . . . .
. . ● . . ● . .
. . . . ● . . .
● ● . . . . . .
. ● ● . . . . .

ఇందును బిందువులు 14 మాత్రమే. ఒక్క పట్టా కదలలేదు, ఒక్క స్థానము మారలేదు. అయినను దారి అదృశ్యమైనది. మొదటి చిత్రమున ఏ బిందువును వికర్ణమునకు ఒక గడిని మించి దూరమున లేదు. రెండవదానిలో ఆరు గళ్ళ దూరము పోయినవి కలవు. మాత్రికను చూచువాడు చూచునది సంబంధమును మాత్రమే కాదు, పేర్లు వ్రాసినవాడు ఎంచుకొన్న క్రమమును కూడ. క్రమము చెడినచో సంబంధము నశింపదు, మరుగుపడును.

మరుగుపడినదానిని వెలికి తెచ్చు ఉపాయమును 1969లో కట్‌హిల్, మెకీ అను ఇద్దరు ప్రకటించిరి. పొరుగువారు తక్కువగా నున్న ఒక కొసను మొదట ఎంచి దానికి ఒకటవ సంఖ్య నీయవలెను. పిదప దాని పొరుగువారికి, ఆపై ఆ పొరుగువారి పొరుగువారికి, సంబంధములు తక్కువగా నున్నవారు ముందుగా, వరుస సంఖ్యలను ఇచ్చుచు పోవలెను. పై రెండవ పట్టికను ఈ పద్ధతికి అప్పగించి నాగోల్ నుండి ఆరంభించినచో, దారి ఎరుగని యంత్రము కూడ నాగోల్, ఉప్పల్, స్టేడియం అనుచు మొదటి చిత్రమునే మరల తెచ్చి ఇచ్చును. ఇట్లు వచ్చిన క్రమమును తలక్రిందులు చేసినచో గణనమున మరింత మేలని అలన్ జార్జ్ 1971లో చూపెను.

మేలెట్లు? సమీకరణములను సాధించునపుడు ఒక్కొక్క అవ్యక్తమును తొలగించుచు పోవుదురు. తొలగినవానికి పొరుగువారైనవారందరు ఆ తరువాత ఒకరికొకరు నేరుగా ముడిపడుదురు; మధ్యవర్తి తప్పుకొన్నచో ఆతని ద్వారా మాటాడుకొన్నవారు ముఖాముఖి మాటాడుకొనవలసి వచ్చినట్లు. ఉప్పల్ చౌరస్తాను తీసికొనుడు. హబ్సిగూడ, రామంతాపురము, నాగోల్, ఘట్‌కేసర్ వైపు పోవు నాలుగు దారులు అచట కలియుచున్నవి. ఐదింటికి గళ్ళు 25. ప్రతిదానికి తనతో తన సంబంధమును చేర్చి బిందువులు 13. చౌరస్తాను మొదట తొలగించినచో మిగిలిన నలుగురు పరస్పరము ముడిపడి, సున్నలుగా నుండిన 12 గళ్ళును నిండి, 25 గళ్ళును బిందుమయమగును. చౌరస్తాను చివరకు ఉంచినచో ఒక్క కొత్త బిందువును పుట్టదు. సంబంధము అదియే, కేంద్రమును ముందు పెట్టినామా వెనుక పెట్టినామా యనునంతమాత్రమున పని ఇబ్బడియగుటయో కాకుండుటయో జరుగుచున్నది. ఐదింటికి ఇది ఆట. ఐదు లక్షలకు ఇది యంత్రము నడచుటకును ఆగిపోవుటకును గల భేదము.

పైన స్థానముగా వచ్చిన ఎన్.జి.ఆర్.ఐ. యనునది 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. ఆ శాస్త్రమున విరళమాత్రిక నిత్యకృత్యము. భూకంపతరంగము వచ్చిన కాలమును బట్టి భూగర్భమును ఊహించువారు భూమిని చిన్న గడులుగా విభజింతురు. గడులు 50,000 అనుకొన్నచో ఒక తరంగము వాటిలో నూటిని మాత్రము దాటిపోయిన, ఆ తరంగమునకు చెందిన వరుసలో ఐదువందలకు ఒకటి మాత్రమే శూన్యేతరము. ఏ గడి గుండ ఏ తరంగమును పోలేదో, అనగా ఏ నిలువు వరుస పూర్తిగా తెల్లగా నున్నదో, చిత్రము మొదటి చూపుననే చెప్పును. అచటి భూమిని గూర్చి ఎంత గణించినను అది ప్రత్యక్షఫలము కాదు.

ఇక ప్రకృతమునకు వత్తము. సంస్కృతవాక్యము స్వభావముచేతనే విరళమాత్రిక. శాబ్దబోధమున ప్రతి పదార్థమును మరియొక పదార్థముతో అన్వయించును. ముఖ్యవిశేష్యము మాత్రము దేనికిని విశేషణము కాదు. కావున ఏడు పదముల వాక్యమున సంబంధములు ఆరు, గళ్ళు 49. ఇరువది పదముల వాక్యమున సంబంధములు 19, గళ్ళు 400. వాక్యము పెరిగినకొలది విరళత్వమును పెరుగును. అన్వయించు పదమును అడ్డు వరుసగను, అది దేనితో అన్వయించునో దానిని నిలువు వరుసగను తీసికొన్నచో ప్రతి అడ్డు వరుసలోను ఒక్క బిందువే యుండును. ముఖ్యవిశేష్యపు వరుస ఖాళీగా నుండును.

అభ్యాసమునకై పదముల వరుస చెదరగొట్టి కల్పించిన వాక్యము ఇది: 'పుష్పాణి బాలః వనాత్ గురవే దదాతి వినీతః ఆహృతాని'. పుష్పములు, బాలుడు, గురువు మూడును కర్మ కర్తృ సంప్రదానములై ఐదవదగు 'దదాతి'ని చేరుచున్నవి. 'వనాత్' ఏడవదగు 'ఆహృతాని'తోను, అది మొదటిదగు 'పుష్పాణి'తోను, ఆరవదగు 'వినీతః' రెండవదగు 'బాలః'తోను కలియుచున్నవి. బిందువులు ఐదవ నిలువు వరుసలో మూడు; మిగిలిన మూడు వికర్ణమునకు అటునిటు చెదరి యున్నవి. ప్రతి పదమును తన విశేష్యమునకు ఎన్ని గళ్ళ దూరమున నున్నదో లెక్కించి కూడినచో 22.

దండాన్వయము చెప్పు ఉపాధ్యాయుడు దీనిని 'వినీతః బాలః గురవే వనాత్ ఆహృతాని పుష్పాణి దదాతి' అని మార్చును. ఇపుడు నాలుగు బిందువులు వికర్ణమును ఆనుకొని నిలిచినవి. మిగిలిన రెండును క్రియాపదముయొక్క చివరి నిలువు వరుసలోనే కలవు. అన్నియు వికర్ణమునకు పైభాగమున ఉన్నవి, ఒక్కటియు క్రిందికి పోలేదు. దూరముల మొత్తము 13. సన్నిధి యని శాస్త్రమున చెప్పుదానిని, పదముల ఆనుకొని యుండుటను, ఇచట గళ్ళతో కొలువవచ్చును. కేంద్రమగు క్రియ చివర నుండుట కూడ ఉప్పల్ చౌరస్తాను చివరకు ఉంచుట వంటిదే. అయినను ఈ సామ్యమును మించి లాగరాదు. క్రియను చివర చెప్పిన ఉపాధ్యాయులు సమీకరణములను తలచి చెప్పలేదు.

ఖండాన్వయము సంగతి మరింత విచిత్రము. అందు క్రియతో ఆరంభించి, ఎవడు, దేనిని, ఎవనికి అని ఆకాంక్షను లేపి పదములను ఒక్కొక్కటిగా రాబట్టుదురు. కర్తను చెప్పిన వెంటనే దాని విశేషణమును అడుగువారు కొందరు. అట్లుగాక క్రియతో నేరుగా కలియునవి ముందు, వాటితో కలియునవి పిమ్మట అని మెట్లవారీగా అడిగినచో వరుస ఇది: దదాతి, బాలః, గురవే, పుష్పాణి, వినీతః, ఆహృతాని, వనాత్. ఇందు దూరముల మొత్తము 12. అంతకంటె ముఖ్యముగా ఏ బిందువును వికర్ణమునకు మూడు గళ్ళను మించి దూరము పోదు. దండాన్వయమున 'బాలః' యొక్క బిందువు ఐదు గళ్ళ దూరమున ఉండెను. కట్‌హిల్, మెకీల పద్ధతియు పొరుగువారిని మెట్లవారీగా పిలుచుటయే. భేదమేమనగా వారు సంబంధము తక్కువగల కొసతో ఆరంభింతురు, ఖండాన్వయము సంబంధము ఎక్కువగల క్రియతో ఆరంభించును. ఒక్క వాక్యముతో సిద్ధాంతము చేయరాదు. పాఠములో వచ్చు వాక్యములను విద్యార్థులు ఇట్లు గీసి లెక్కించి చూచినగాని ఏ అన్వయము ఎచట సుకరమో తేలదు. లెక్కించుటకు అర్హమైన ప్రశ్న మాత్రము ఇది యగును.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక పక్షపాతము దాగి యున్నది. క్రియాపదపు వరుసను ఖాళీగా ఉంచుటచే వైయాకరణుల మతమును మారుమాట లేకుండ అంగీకరించినట్లైనది. వారికి ధాత్వర్థము ముఖ్యవిశేష్యము. నైయాయికులకు ప్రథమాంతపదార్థము ముఖ్యవిశేష్యము; దానానుకూలమైన కృతి గల బాలుడు అని వారి బోధ. వారి మతమున దండాన్వయ చిత్రమును గీసినచో రెండవ వరుస, ఏడవ నిలువు గడిలోనున్న బిందువు వికర్ణమును దాటి ఏడవ వరుస, రెండవ నిలువు గడికి పోవును. ఖాళీ వరుస బాలునిది యగును. మిగిలిన ఐదు బిందువులును కదలవు. శతాబ్దములుగా గ్రంథములకు గ్రంథములు వ్రాయబడిన వాదము చిత్రమున ఒక్క బిందువు ప్రతిఫలనమైనది! దీనిచే వాదము అల్పమని తలచరాదు. చిత్రము వాదమున ఎచట నిలుచునో చూపును, ఎవరు గెలుతురో చూపదు. మీమాంసకుల మతమున ఆఖ్యాతార్థమగు భావన ముఖ్యము. దానిని చూపుటకు ఏడు వరుసలు చాలవు. 'దదాతి'ని ధాతువు, ప్రత్యయము అని రెండు వరుసలుగా చీల్చవలెను. ఏది వరుసగా ఉండవలెనో నిర్ణయించుటయే శాస్త్రవిచారము. అది ముగిసిన తరువాతనే గీత.

హైదరాబాదు విశ్వవిద్యాలయమున 2006లో ఏర్పడిన సంస్కృత అధ్యయన విభాగమునందు ఆచార్య అంబా కులకర్ణి నేతృత్వమున రూపొందిన 'సంసాధనీ' యను సాధనము సంస్కృతవాక్యమును విశ్లేషించి పదముల సంబంధములను చూపుచున్నది. యంత్రము సాధ్యములైన అన్ని సంబంధములను మొదట ఊహించి, ఒక పదము రెండింటికి విశేషణము కారాదు, సంబంధములు చక్రముగా తిరిగి రారాదు మున్నగు నియమములచే అయుక్తములను త్రోసివేయుట ఇట్టి పద్ధతులకు ప్రాణము. ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు శ్రోత మనస్సున చేయు పనికి ఇది దూరపు బంధువు. మాత్రికాభాషలో చెప్పిన, నిండుగానున్న పట్టికను వరుసకు ఒక్క బిందువు మిగులునట్లు పలుచన చేయుట.

చిత్రములను గీయు సాధనములను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మాట్‌ల్యాబ్ అను సాధనమున విరళమాత్రికలను దాచు పద్ధతిని గిల్బర్ట్, మోలర్, ష్రైబర్ అనువారు 1992లో ప్రకటించిరి. అందు చిత్రమును గీయు ఆజ్ఞ పేరు 'స్పై'. విరళత్వమును చెప్పు స్పార్సిటీ యను ఆంగ్లపదము నుండి అది పుట్టినది. గూఢచారి యను అర్థమును శ్లేషగా తోచును. జాన్ హంటర్ నిర్మించి 2003లో వెలువరించిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ నందును ఇదే పేరుతో ఆజ్ఞ కలదు. గ్నూప్లాట్ అను ఉచితసాధనమున వరుస సంఖ్య, నిలువు సంఖ్య గల రెండు పట్టెల ఫైలును ఇచ్చి బిందువులు పెట్టించవచ్చును. ఇందు నూతనవిద్యార్థులు తరచు రెండు తప్పులు చేయుదురు. గ్నూప్లాట్ నిలువు అక్షమును క్రింది నుండి పైకి లెక్కించును, మాత్రికను పై నుండి క్రిందికి చదువుదురు. అక్షమును తిరుగవేయనిచో చిత్రము తలక్రిందులగును. రెండవది వరుస నిలువులను తారుమారు చేయుట. మెట్రో చిత్రము వికర్ణమునకు ఇరువైపుల సమానమగుటచే అందు ఈ తప్పు బయటపడదు. వాక్యచిత్రమున పడును: క్రియ నిలువు వరుసలోని బిందువులు అడ్డు వరుసలోనికి వచ్చి, విశేషణము విశేష్యముగను విశేష్యము విశేషణముగను కనబడును. రంగులు వాడి కర్తకు ఒకటి, కర్మకు ఒకటి ఇచ్చినచో ఈ తప్పు వెంటనే కంటబడుటయే గాక, సంబంధమున్నదని మాత్రమే చెప్పు చిత్రము ఏ సంబంధమో కూడ చెప్పగలుగును.

అంతకంటె ప్రమాదకరమైనది బిందుపరిమాణము. ముందు చెప్పిన పదివేల మాత్రికను వేయి చుక్కల పొడవు, వేయి చుక్కల వెడల్పు గల తెరపై గీసినచో తెరయందు చుక్కలు పది లక్షలు. ఒక్కొక్క శూన్యేతరమునకు ఒక చుక్క యైన 50,000, అనగా నూటికి ఐదుకు మించవు. కాని సాధనము అందముకొరకు ఒక్కొక్క బిందువును పదిచుక్కల పొడవు వెడల్పులతో పెట్టినచో 50 లక్షల చుక్కల సిరా కావలెను, తెరకు ఐదింతలు. బిందువులు తెరయంతట చెదరి యున్నచో చిత్రము ఇంచుమించు పూర్తిగా నల్లబడును. నిజమునకు పదివేల గళ్ళలో ఐదు మాత్రమే నిండినవి. విరళమును చూపుటకు పుట్టిన చిత్రము నిబిడమును చూపెను! కావున బిందువుల సంఖ్యను చిత్రము క్రింద వ్రాయించుట మంచిది. మాట్‌ల్యాబ్ దానిని తానే వ్రాయును.

మరియొక సూక్ష్మము వైయాకరణులకు రుచించునట్టిది. విరళమాత్రికలో సున్న రెండు విధములు. అసలు దాచబడని గడి ఒకటి. చోటు కేటాయించి అందు సున్నను దాచిన గడి మరియొకటి. విలువకు రెండును సమానమే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా రెండింటిని తెల్లగానే విడుచును. కాని దాచబడినవన్నియు చూపుమని కోరినచో రెండవవిధపు సున్నకును బిందువు పెట్టును. అష్టాధ్యాయి 1.1.60 సూత్రము లోపమును అదర్శనమని నిర్వచించినది, 1.1.62 ప్రకారము ప్రత్యయము లోపించినను దానిని నిమిత్తముగా గల కార్యము జరుగును. ఎన్నడును విహితము కాని ప్రత్యయమును, విహితమై లోపించిన ప్రత్యయమును చెవికి ఒక్కటే, శాస్త్రమునకు వేరు. దాచిన సున్న లోపము వంటిది: కనబడదు గాని దాని స్థానము పని చేయుచుండును. తొలగింపు జరుగునపుడు అదే గడిలో కొత్త విలువ వచ్చి కూర్చుండవచ్చును.

చివరకు, ఎట్టి క్రమమునకును లొంగని మాత్రిక సంగతి. మాహేశ్వరసూత్రములు పదునాలుగు. వర్ణములను నిలువు వరుసలుగను, పాణిని వాడిన ప్రత్యాహారములను అడ్డు వరుసలుగను తీసికొనినచో, ప్రతి వరుసలోను బిందువులు మధ్యలో ఖాళీ లేక ఒకే పట్టీగా వచ్చును. ప్రత్యాహారము ఆదివర్ణముతో మొదలై ఇత్తు వరకు నడచునది గనుక అట్లే రావలెను. వర్ణమాలను కంఠ్యతాలవ్యాది క్రమమున పేర్చినచో ఆ పట్టీలు తునుకలగును. మెట్రో స్థానములను అకారాదిగా పేర్చుట వంటిదే ఇది. కాని సూత్రములలో హకారము రెండుమార్లు, ఐదవ సూత్రమునను పదునాలుగవ సూత్రమునను, వచ్చుచున్నది. ఒక్కమారు చెప్పి సరిపెట్టరాదా?

రాదని ఐదు ప్రత్యాహారములతో చూపవచ్చును. అచ్చులు ఒకచోట నుండవలెను. అట్ అనునది అచ్చులు, హ, య, వ, ర. యణ్ అనునది య, వ, ర, ల. లకారము అట్ లో లేదు గనుక, య వ ర లు అట్ పట్టీకి ఒక కొసన, లకారమును ఆనుకొని ఉండవలెను. అప్పుడు హకారమునకు రెండే చోట్లు: అచ్చులకును య వ ర లకును నడుమ, లేదా అచ్చులకు అవతల. అవతల నున్నచో హశ్ పట్టీ అచ్చులచే తెగును. హశ్ లో హకారమును య వ ర లును కలవు, అచ్చులు లేవు. నడుమ నున్నచో శల్ తెగును. శ, ష, స, హ లు ఒకచోట నుండవలెను, హకారమునకు ఇరుప్రక్కల చోటు అప్పటికే నిండినది. హశ్ 6.1.114 నందును శల్ 3.1.45 నందును పాణిని వాడినవే గనుక దేనిని విడుచుటకును వీలు లేదు. కావున హకారమును రెండుమార్లు చదువుట తప్పదు. ఇది ఒక్కమారు అధికముగా చదువుటతో తీరుననియు, ఆ పాఠము అంతకంటె కుదింపరానిదనియు వీబ్కె పీటర్సన్ అను జర్మను విదుషి 2004లో గణితరీత్యా నిరూపించెను. అంతకు ముందు 1991లో పాల్ కిపార్‌స్కీ లాఘవదృష్టితో ఈ విషయమును చర్చించెను.

దీనిని చూపి పాణినికి మాత్రికలు తెలియునని సభలలో చెప్పువారు కలరు. అది పాణినికి గౌరవము కాదు. ఆయనకు తెలిసినది ఏ వర్ణములను కలిపి చెప్పవలసి వచ్చునో, వాటిని ఎట్లు నిలిపిన మాట తగ్గునో. గళ్ళ పట్టిక లేకయే ఆ క్రమమును సాధించినాడనుట పెద్దమాట. పట్టిక ఉన్నదనుట చిన్నమాట, నిరాధారము కూడ.

ఈ మాత్రికను గీయు విద్యార్థి ఒక సంగతిని చూచుకొనవలెను. నిలువు వరుసలు 43 అగును, హకారమునకు రెండు గనుక. హశ్ వరుసలో మొదటి హకారమునకును, శల్ వరుసలో రెండవదానికిని బిందువు. హల్ వరుస ఐదవ సూత్రమునుండి చివరివరకు నడచును గనుక అందు రెండు హకారములకును బిందువులు పడును. చిత్రము క్రింద యంత్రము ఆ వరుసకు 34 అని లెక్కవేసి చూపును. హల్లులు 33.